ఒక నిమిషం పది సెకన్లు

మార్చి 2

తోక ఒప్పుకున్నాడట.

తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. నేను ఒక బడిలో శ్రుతి చేయడానికి పియానో ముందు చెక్క విప్పి కూర్చున్నాను, మెడకీ భుజానికీ మధ్య ఫోను. "అక్కా, విన్నావా? ఉన్నావా?" అని నాలుగుసార్లు అడిగాడు. ఉన్నాను. ముప్పై నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాను.

"ఎందుకు ఒప్పుకున్నాడు?" అన్నాను.

"రానంటే ఎందుకని అడగాలి. వస్తానన్నా ఎందుకేనా? నీతో పెద్ద చిక్కొచ్చి పడిందక్కా" అని పెట్టేశాడు.

మా బ్యాండు నలుగురం మళ్లీ కలిసి ఆల్బమ్ చేయడానికి రికార్డు కంపెనీవాళ్ల షరతు ఒక్కటే. నాలుగు కొత్త పాటలు మా ఇష్టం. ఆల్బమ్ ఆఖర్న మాత్రం 'చివరి సంకేతం' మళ్లీ పాడాలి, మొత్తం పాడాలి. మా స్పేస్ రాక్, ఆ అంతరిక్షం పాటలు, ఇంకా ఎవరికి గుర్తుంటాయిలే అనుకుంటాను గాని, ఆ ఒక్క పాటని జనం వదల్లేదు. ఓడ ఇంటికి దూరమై, ఇంకా దూరమై, మాటలన్నీ అయిపోయాక ఒట్టి గొంతుతో పంపే ఆ పిలుపు. తోక తప్ప ఇంకెవరూ పాడలేరని అప్పట్లో పత్రికల్లో రాశారు. రెండేళ్ల తర్వాత తోక కూడా పాడలేడని రాశారు.

ఆ రెండోది నా వల్ల. దీన్ని ఈ పుస్తకంలో రాయకూడదనుకున్నాను, మొదటి పేజీలోనే తోసుకొస్తోంది. ఇవాళ్టికి ఆపుతాను.

మార్చి 5

పెట్టెని అటక మీంచి దించాం. తమ్ముడు, పక్కింటాయన, నేను. "ఇందులో ఏముందండీ, శవమా?" అన్నాడు పక్కింటాయన. సింథసైజర్ అంటే ఆయనకేం తెలుస్తుందని, "హార్మోనియం లాంటిదే లెండి" అన్నాను. పెట్టె వింటే నొచ్చుకునేది.

కరెంటు ఇచ్చాక నలభై నిమిషాలు దాన్ని పలకరించకూడదు. వేడెక్కాలి, స్వరాలు కుదుటపడాలి. ప్రతి కచేరీకీ ముందు తోక వచ్చి "మహారాణి లేచిందా?" అని అడిగేవాడు. అది లేచాకే తోక గిటారు, మౌని బేసు దానికి శ్రుతి కలుపుకునేవి. మా దగ్గర ఇంకే కొలతా ఉండేది కాదు. పెట్టె ఎంతంటే అంత. అంటే నేనెంతంటే అంత.

ముందువైపు కుడి మూలన శ్రుతి నాబ్. దాని చుట్టూ గోళ్లరంగుతో నేనే పెట్టుకున్న గీతలు రెండు, తెల్లది కింద, ఎర్రది పైన. నాబ్ ఎర్రగీత దగ్గరే ఉంది. ఆఖరి కచేరీ రోజున ఎక్కడుందో అక్కడే.

ముట్టుకోలేదు. దుమ్ము తుడిచాను, అంతే.

మార్చి 7

వచ్చాడు.

స్టూడియో అంటే ఏదో అనుకునేరు, కింద చెప్పుల గోదాము, పైన మా హాలు. మెట్ల నిండా కొత్త తోలు వాసన. గోడలకి పాత పరుపులు కొట్టారు. రికార్డింగు చూసే ఆవిడకి యాభై ఉంటాయి, కళ్లజోడు ముక్కు చివర నిలబెట్టి, ఎప్పుడూ లవంగమో ఏదో బుగ్గన పెట్టుకుని ఉంటుంది. "పెళ్లికి ముందు మీ పాట తెగ వినేదాన్నండీ. పెళ్లయ్యాక తీరిక లేదు" అంది.

తోకకి తోక లేదు. నడుం దాటిన జడ ఉండబట్టే కదా తోకచుక్క అని పేరొచ్చింది, అనగా అనగా తోక అయింది. ఇప్పుడు నున్నటి గుండు. నేను అటే చూస్తున్నానని కనిపెట్టి, "తోక పోయింది పెట్టే, చుక్క మిగిలింది" అన్నాడు. పెట్టె అంటే నేనే. నన్నలా పిలిచేవాళ్లు ఈ లోకంలో ఇంకెవరూ లేరు. నవ్వాను.

లిఫ్టులు బాగుచేస్తాడట ఇప్పుడు. తమ్ముడు ఊరుకుంటాడా! "గ్రహాలు దాటి పోతానన్నవాడివి, పన్నెండో అంతస్తు దాకా వెళ్లి దిగొచ్చేస్తున్నావా అన్నా?" అన్నాడు. మౌని కూడా నవ్వాడు. మౌని నవ్వడమంటే భుజాలు కదలడమే.

అప్పట్లో తమ్ముడు వాణ్ణి బావా అని పిలిచేవాడు, నన్ను ఏడిపించడానికి. నేను వాడి డ్రమ్ము కర్రే తీసుకుని వెంటపడేదాన్ని. ఇవాళ అన్నా అన్నాడు. మర్యాద నేర్చుకున్నాడు వెధవ.

అరవై మూడేళ్ల మనిషిని వాడు వీడు అనకూడదు. ఈ పుస్తకం ఎవరు చూడొచ్చారులే.

నీలం చొక్కా. మోచేతి దగ్గర గ్రీజు మరక. భార్య పోయి ఆరేళ్లయిందట. నాకెందుకు.

మార్చి 11

కొత్త పాటలు రెండు అయిపోయాయి. కింది స్వరాల్లో పాడతాడు, సగం పాట, సగం కబుర్లు చెప్పినట్టు. గొంతులో ఇసుక కలిసింది, అయినా బాగుంది. చాలా బాగుంది.

మధ్యాహ్నం రికార్డింగావిడ నన్ను పక్కకి పిలిచింది. "ఏవండీ, మీ పెట్టె లోకం శ్రుతి కంటే పైనుంది. మీటర్లో తెలుస్తోంది. దించమంటారా?"

"వద్దు. మా పాత రికార్డూ అంతే ఉంటుంది, చూసుకోండి."

చూసుకుంది. "నిజమేనండోయ్. అక్కడిదీ కాదు ఇక్కడిదీ కాదు, రెండు మెట్ల మధ్య నిలబడింది మీ పాట. ఎలా వచ్చిందంటారు?"

"పాతకాలపు మిషన్లు కదండీ" అన్నాను. అబద్ధం కాదు. మిషనే. తిప్పమన్నది నేను.

మార్చి 15

సరే, రాసేస్తాను. లేకపోతే ఈ పుస్తకం ఎందుకు కొన్నట్టు.

'చివరి సంకేతం' ఇరవై నాలుగు నిమిషాలు. రికార్డుకి ఒక వైపు పట్టేది ఇరవై రెండు నిమిషాల యాభై సెకన్లు. టేపు పట్టుకుని రికార్డు మీద గాడి చెక్కే మాస్టారి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను, మిగతా ముగ్గురూ వేరే ఊళ్లో ఉన్నారు. మాస్టారు గడియారం చూసి, "ఒక నిమిషం పది సెకన్లు కొయ్యాలమ్మా. ఆఖర్న మాటల్లేకుండా ఆ అబ్బాయి అరుస్తున్నాడు చూడు, అది తీసేద్దాం" అన్నాడు. అరుస్తున్నాడట!

ఆ ముక్క గురించి తోక ముందే చెప్పాడు. "అందులో ఒక్క సెకను తీసినా నేను బ్యాండులో ఉండను" అని. వాడన్నంత పనీ చేసే రకం.

మాస్టారు ఇంకో దారి చెప్పాడు. కొయ్యకుండా టేపునే కాస్త వేగంగా తిప్పితే, పాట మొత్తం ఆ చోట్లోనే సర్దుకుంటుంది. గొంతు కొంచెం పైకి లేస్తుంది, అర స్వరం కూడా ఉండదు, ఎవడికి తెలుస్తుంది అన్నాడు. నేను వద్దనలేదు. తిప్పండి అన్నాను. ఐదు నిమిషాల ఆలోచన కూడా కాదు.

రికార్డు వచ్చింది. తోక విన్నాడు. "ఇది నేనేనా?" అన్నాడు. ఆ గొంతు మనిషి గొంతులా లేదు, ఎక్కడో పైనుంచి వస్తున్నట్టుంది. "ఒక్క సెకను కూడా పోలేదా? మొత్తం పట్టించావా?" అని నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆ క్షణంలో చెప్పాల్సింది. వాడి చేతులు నా నడుం చుట్టూ ఉన్నాయి. ఎలా చెప్తాను?

తర్వాత మొదటి కచేరీ. జనం రికార్డుని అరగదీసి వచ్చారు. మేం మామూలు శ్రుతిలో సాధన చేస్తుంటే రికార్డు పక్కన చప్పగా ఉంది, తమ్ముడు కూడా ఏదో తేడాగా ఉందే అన్నాడు. నేను పెట్టె దగ్గరికెళ్లి నాబ్ పైకి తిప్పి ఎర్రగీత పెట్టాను. తోకా మౌనీ వచ్చి ఎప్పటిలాగే తీగలు కలుపుకున్నారు. అవే మెట్లు, అవే వేళ్లు. ఏం మారిందో వాళ్లకెలా తెలుస్తుంది?

నూట పదకొండు కచేరీలు. తీగలు ఊరికే తెగేవి. తోక మూడు కంపెనీల తీగలు మార్చాడు, అందరూ దొంగలేనని తిట్టాడు. గొంతు బొంగురుపోయేది, వేడినీళ్లు తాగేవాడు, మాట్లాడ్డం మానేశాడు. నూట పదకొండో రోజున ఆ ముక్క మధ్యలో గొంతు చీలిపోయింది. ఎవరో ఈల వేశారు. నవ్వులు. తోక మైకు నెమ్మదిగా కింద పెట్టి, మెట్లు దిగి, జనం మధ్యలోంచి వీధిలోకి వెళ్లిపోయాడు. అంతే.

నేను తర్వాత శ్రుతులు సరిచేసే పనిలో చేరాను. ప్రాయశ్చిత్తం ఏం కాదు. బతకడానికి ఏదో ఒకటి చేయాలి కదా.

మార్చి 16

నిన్న రాసింది చదువుకున్నాను. అంతా వాడి కోసమే చేసినట్టు రాశాను.

మార్చి 24

ఇవాళ 'చివరి సంకేతం' మొదలుపెట్టాం. మేం నలుగురం ఒకేసారి వాయిస్తేనే అది పాట, విడివిడిగా కుదరదు. ఇరవై నిమిషాల దాకా దివ్యంగా వచ్చింది. తమ్ముడు కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు.

ఆ ముక్క దగ్గర విరిగింది.

మళ్లీ చేశాం. మళ్లీ అక్కడే. మూడోసారి తోక ఆపేసి, ఫ్లాస్కులో నీళ్లు తాగి, మూత చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాడు. "నాది అప్పుడే పోయింది పెట్టే. దేవుడు రెండేళ్లకి అద్దెకిచ్చి లాక్కున్నాడు" అన్నాడు.

"వాతావరణం బాలేదు" అన్నాను. తమ్ముడు కిటికీలోంచి చూశాడు. ఎండ పెళపెళలాడుతోంది.

మార్చి 28

తోక నాకొక పని చూపించాడు. వాడు లిఫ్టు చూసే భవనంలో ఎనిమిదో అంతస్తావిడకి పియానో ఉంది, ఐదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున వెళ్లి మధ్యాహ్నం దాకా చేశాను. కిందికి వచ్చేటప్పుడు లిఫ్టులో వాడే ఉన్నాడు, నడుముకి పనిముట్ల పట్టీ.

ఆరుకీ ఐదుకీ మధ్య తాళం తిప్పి ఆపేశాడు.

"ఏంటిది?" అన్నాను. నాకు మూసిన చోట్లు పడవని వాడికి తెలుసు.

"భయపడకు, ఇది నా మాట వింటుంది. నీకోటి వినిపిద్దామని. ఎవరికైనా చెప్పావంటే చంపేస్తా."

పైకప్పు తలుపు తెరిచాడు. పైనంతా చీకటి గొయ్యి, తాళ్లు. వాడు తల పైకెత్తి ఆ ముక్క అందుకున్నాడు. ఒట్టి గొంతు, పక్కన ఏ వాయిద్యమూ లేదు. ఎక్కడా తడబడలేదు. ఎక్కాల్సిన చోటికి ఎక్కి, అక్కడ నిలబడి, తీరిగ్గా దిగి వచ్చాడు. మెడ నరాలు కూడా లేవలేదు. నేను గోడకి ఆనుకుని వింటున్నాను, కళ్లనీళ్లు ఆగలేదు, ముక్కు కూడా కారింది, చెప్పుకుంటే సిగ్గు.

"ఇక్కడైతే వస్తుంది" అన్నాడు. "ముప్పై ఏళ్ల నుంచీ చూస్తున్నా. బయటికెళ్తే రాదు. ఈ గొయ్యిలో ఏదో ఉంది. జాలి పడుతుందేమో నా మీద."

నా చేతిసంచీలో శ్రుతిదండం ఉంది. మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను, ఏదో అలవాటుగా చేసినట్టు. దండం అక్కర్లేదు నిజానికి, నా చెవి ముందే చెప్పింది. వాడు పాడింది తెల్లగీత దగ్గర. నేను నాబ్ ముట్టుకోకముందు మేం వాయించిన చోట. వాడి ఒంటికి అసలు పాట గుర్తుంది. వాడికే తెలియదు.

గొయ్యి జాలి పడటం లేదురా. గొంతు ఎక్కడికీ పోలేదు.

అనలేదు. కిందనుంచి ఎవరో తలుపు బాదుతున్నారు, "లిఫ్టు బాగుచేస్తున్నారా, కచేరీ చేస్తున్నారా?" అని.

మార్చి 29

మళ్లీ ప్రయత్నం. మళ్లీ అక్కడే విరిగింది.

"శుక్రవారం ఇంకొక్కసారి పాడతా" అన్నాడు తోక. "రాకపోతే పాట తీసేయమని కంపెనీకి నేనే చెప్తా. వాళ్లు ఆల్బమే వద్దంటే అది వాళ్లిష్టం. మీరెవరూ నన్ను మళ్లీ పిలవొద్దు. నా పని నేను చేసుకుంటా."

వాడు నన్నే చూశాడు, నేను తీగలు చుడుతున్నట్టు నటించాను.

చెప్తే, ముప్పై నాలుగేళ్లు నేను నోరు మూసుకున్నానని తెలుస్తుంది. ఇక నా ముఖం చూడడు. చెప్పకపోతే శుక్రవారం వెళ్లిపోతాడు. ఎలా చూసినా పోతాడు.

మార్చి 31

మూడో దారి ఉంది. నాబ్ కిందికి తిప్పేస్తే చాలు. పైకి తిప్పినప్పుడు ఎవరికీ తెలియలేదు, దించినా తెలియదు. వాడు పాడేస్తాడు. ఉండిపోతాడు. ఎవరికీ నష్టం లేదు.

ఎంత తేలికో.

ఏప్రిల్ 1

చేయను.

ఏప్రిల్ 3

చేశాను.

అందరికంటే ముందు వెళ్లి, పెట్టె వేడెక్కుతుండగా తెల్లగీత దగ్గరికి దించాను. వాళ్లొచ్చారు, తీగలు కలుపుకున్నారు. రికార్డింగావిడ మీటరు చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది. "ఇవాళ పెట్టె కిందికి దిగిందేంటండీ?" "రాత్రి వాన పడింది కదా, అది అంతే" అన్నాను. లవంగం ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చుకుంది, ఇంకేం అడగలేదు.

ఇరవై రెండు నిమిషాలు దాటాయి. వాడు గుండెల నిండా గాలి పీల్చుకోవడం హెడ్‌ఫోన్లో వినిపించింది. ఎక్కాడు. నిలబడ్డాడు. ఆ గది, ఆ పరుపులు, కింద చెప్పుల గోదాము అన్నీ ఎటో పోయాయి. దిగి వచ్చాక కూడా ఎవరం వాయిద్యాల మీంచి చేతులు తీయలేదు. మొదట ఏడ్చింది మౌని. అవును, మౌని.

తోక నా దగ్గరికి వచ్చి, పెట్టె మీద నా చేతులుంటే వాటి మీద తన చేతులు పెట్టాడు. "వచ్చింది" అన్నాడు. "పెట్టే, వచ్చింది."

ఇంతకంటే ఏం కావాలి నాకు?

ఏప్రిల్ 4

పొద్దున్నే వాడు ఇంటికి వచ్చాడు. గడప దగ్గరే నిలబడి మాట్లాడాడు, కూర్చోమంటే కూర్చోలేదు. ఒక్క కునుకు లేదట.

"ఒకటి అర్థమైంది నాకు. గొంతు అప్పుడూ బాగానే ఉంది. పోయిందని నేనే అనుకున్నా. ఎవడో ఈల వేశాడని పిరికివెధవలా పారిపోయి, ఇన్నేళ్లూ గొంతు మీద నెపం పెట్టా. మీ ముగ్గురి బతుకులూ పాడుచేశా. నా పెళ్లాం ఎన్నిసార్లు అడిగిందో తెలుసా, ఒక్క కూనిరాగం తియ్యమని? తియ్యలేదు. రాదని చెప్పా. వచ్చేదే, తియ్యలేదు."

"అలా కాదు" అన్నాను.

"ఊరుకో, నన్ను వెనకేసుకు రాకు. నీకు ముందునుంచీ అదే అలవాటు."

వెళ్లిపోయాడు. అలా కాదు అన్నదాన్ని, మరి ఎలాగో చెప్పలేదేం? పోయింది గొంతే అనుకుని బతికినవాణ్ణి, పిరికితనమని నమ్మించి పంపాను. ఇది నేను వాడికి చేసిన రెండో మేలు.

ఏప్రిల్ 7

చెప్పేశాను.

భవనం పైకప్పు మీద లిఫ్టు మిషను గది. వాడు మోకాళ్ల మీద కూర్చుని చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. దారంతా మాటలు పేర్చుకుని వెళ్లాను. నోరు తెరిచేసరికి కింద ఎవరో బటన్ నొక్కారు, మోటారు అంతెత్తున లేచింది. వాడికి ఒక్క ముక్క వినిపించలేదు. "ఏంటీ?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. నడిమధ్య మోటారు ఆగిపోయింది. "ఆ శ్రుతి నీది కాదు, నేను పెంచాను!" అన్న నా అరుపు ఒక్కటే ఆ గదిలో మిగిలింది.

మొత్తం చెప్పాను. గాడి మాస్టారు, టేపు, నాబ్, గీతలు, శుక్రవారం. వాడు గుడ్డతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ విన్నాడు.

"ఎన్ని కచేరీలు?"

"నూట పదకొండు."

"అన్నిట్లోనూ?"

"మొదటిదాన్నుంచీ."

"ఆ రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

తల ఊపాడు. "తీగల కంపెనీ వాళ్లకి ఉత్తరం రాశా తెలుసా, మీవి తీగలు కావు దారాలని" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "పనుంది. నువ్వెళ్లు" అన్నాడు. మెట్ల మీదే వచ్చాను, పన్నెండు అంతస్తులు.

ఏప్రిల్ 8

రాలేదు.

ఏప్రిల్ 9

రాలేదు. ఒకరింట్లో పియానో. బాగానే చేశాననుకుంటాను.

ఏప్రిల్ 12

తమ్ముడికి చెప్పాను. ముందు పగలబడి నవ్వాడు. నిజమేనని తెలిశాక ముఖం మాడిపోయింది. "రికార్డు వేగంతో సమానంగా వాయించబోయి నా చేతులు పడిపోయాయక్కా. ఇరవై ఆరేళ్లకే ముసలాణ్ణయిపోయానని ఏడ్చాను. నీ ఒళ్లోనే ఏడ్చాను, గుర్తుందా? తల కూడా నిమిరావు."

గుర్తుంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "తిన్నావా?" అన్నాడు. కోపంలోనే.

ఏప్రిల్ 14

వాడు కోప్పడితే బాగుండు. వచ్చి నాలుగు తిట్టిపోతే బాగుండు. ఇంటి ముందు ఏ బండి ఆగినా లేచి వెళ్తున్నాను. ఈ వయసులో ఏంటిది? వాడు వెళ్లిపోయినప్పుడూ ఇంతే చేశాను, ఆ ఏడాదంతా. అప్పుడు కనీసం మోకాళ్లు నొప్పెట్టేవి కావు.

చూడాలని ఉంది. అంతే. ఇంకే ముసుగులూ వేయను దీనికి.

ఏప్రిల్ 17

వచ్చాడు.

"అసలు టేపు ఉందా?" అదీ మొదటి మాట.

దుప్పట్ల కింద ఉంది. రేకు డబ్బాలో. తీసిచ్చాను. "నువ్వూ రా" అన్నాడు. బండి మీద వెనక కూర్చున్నాను, ఎక్కడ పట్టుకోవాలో తెలియక సీటు పట్టుకున్నాను.

రికార్డింగావిడ ఎవర్నో బతిమాలి పాత టేపు మిషను తెప్పించింది. అసలు వేగంలో పెట్టింది. తోక నిలబడే విన్నాడు, ఇరవై నాలుగు నిమిషాలూ. ఆ ముక్క వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల వాడి గొంతు. పైలోకాల నుంచి వచ్చినట్టేం లేదు. చాలా దూరంలో ఉన్న ఒక మనిషి గొంతులా ఉంది, ఇంటికి రావాలని ఉన్న మనిషి. రికార్డులో దాని కంటే వెయ్యి రెట్లు బాగుంది. మొన్న వాడు పాడినదానికీ దీనికీ మధ్య ఇసుక తప్ప తేడా లేదు.

"దీన్ని ఎవరూ వినలేదు" అన్నాడు. "నేను కూడా."

రికార్డింగావిడకి ఉన్నట్టుండి కింద ఏదో పని గుర్తొచ్చింది.

"నీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో నాకే తెలీదు. మొన్నటిది చెరిపెయ్యమని చెప్పు. అది ఏం తెలియని వెధవ పాడినది. నేను మళ్లీ పాడతా, శ్రుతి ఎక్కడుందో తెలిసి పాడతా."

"సరే."

"ఒకటి చెప్పు. ఆ ఒక నిమిషం పది సెకన్లు తీసేద్దామని నన్నెందుకు అడగలేదు?"

"ఒక్క సెకను తీసినా బ్యాండులో ఉండనన్నావు కదా."

"అందరికీ చెప్పా అలాగ. మాస్టారికి చెప్పమన్నా. నువ్వడిగితే తీసేసేవాణ్ణి." టేపు చక్రం ఇంకా ఊరికే తిరుగుతోంది, దాన్నే చూస్తున్నాడు. "నువ్వడిగితే ఏదైనా తీసేసేవాణ్ణి పెట్టే. నువ్వెప్పుడూ ఏదీ అడగలేదు. కచేరీలకి వెళ్లే బండిలో నీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. నా పెళ్లికి పిలిస్తే వచ్చి అక్షరం మాట్లాడకుండా వెళ్లిపోయావు. నేను ఎదురుచూసి ఎదురుచూసి, నీకేం అక్కర్లేదనుకున్నా."

పరుపు గోడకి ఆనుకున్నాను. ముప్పై నాలుగేళ్లుగా నేను దాచింది టేపు వేగం ఒక్కటే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 20

పాడాడు. ఒక్కసారే. చాలు.

తమ్ముడు కర్రలు కింద పెట్టి, "అన్నా, ఈ పాట ఇంత నెమ్మదా? ఇన్నాళ్లూ ఎవడు తరిమాడు మనల్ని?" అని నా వైపు చూశాడు. మౌని భుజాలు కదిలాయి. తోక కూడా నవ్వాడు. ఆ నవ్వులో నన్ను కలుపుకోలేదు, కానీ వెళ్లగొట్టనూ లేదు.

ఏప్రిల్ 21

సర్దేశాం. ఆల్బమ్ కంపెనీకి వెళ్లిపోయింది. రేపటి నుంచి స్టూడియోలో ఇంకెవరో.

తమ్ముడూ మౌనీ డ్రమ్ములు కిందికి మోస్తున్నారు. తోక గిటారు పెట్టెకి గొళ్లెం పెట్టి, భుజానికి వేసుకుని, "మరి వస్తా" అన్నాడు. ముందు కూడా వాడు ఎప్పుడూ అలాగే అనేవాడు, నేను "ఊఁ" అనేదాన్ని.

ఊఁ అనబోయాను. వాడు మెట్ల దాకా వెళ్లాడు. రెండు మెట్లు దిగాడు కూడా.

"ఆదివారం మా ఇంటికి రా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, కింద గోదాములో ఎవరో తల ఎత్తి చూశారు.

వెనక్కి తిరిగాడు. "దేనికి? పియానో ఏదైనా దించాలా?"

"పనేం లేదు. ఊరికే రా. నువ్వు రావాలని నాకుంది."

అనేశాను. మెడ దాకా వేడెక్కింది, అరవై రెండేళ్ల ముసలిదాన్ని. వాడు భుజం మీది పెట్టెని కింది మెట్టు మీద నిలబెట్టాడు. కోపం ఇంకా ఉంది ఆ ముఖంలో, అది ఎటూ పోలేదు, నాకు కనిపిస్తూనే ఉంది.

"ఎన్నింటికి?" అన్నాడు.